పళ్ళెం – పంక్తి: పల్నాటి ఆహారచరిత్రలో మిశ్రవంటకం

వ్యాససంగ్రహం

పట్టణాలకే పరిమితమై ఉండిన మిశ్రవంటకాల భోజనశాలలు నేడు మండలకేంద్రాల దాకా వచ్చాయి. వేర్వేరు దేశాల, ప్రాంతాల వంటపద్ధతులను ఒకే వంటకంలో కలపడాన్ని ఈ కాలపు కొత్తదనంగా భావించడం పరిపాటి. బెల్లంకొండ కేంద్రంగా పల్నాటి ఆహారచరిత్రను పరిశీలిస్తే, పదార్థాల కలయిక ఇక్కడ ఎన్నో శతాబ్దాలుగా సాగుతున్నదని తెలుస్తుంది. భోజనం చేసేవారి కలయిక మాత్రం అంత సులభంగా జరగలేదు. ఈ రెండు కలయికల మధ్య ఉన్న వ్యత్యాసాన్ని సాహిత్య, చారిత్రక, న్యాయ ఆధారాలతో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పల్నాడు, బెల్లంకొండ, మిశ్రవంటకం, చాపకూడు, పూటకూళ్ళు, మిరప, జొన్న, సహపంక్తి.

1. ఉపోద్ఘాతం

ఒక సమాజపు చరిత్రను శాసనాలు, యుద్ధాలు, రాజవంశాలు ఎంతగా చెబుతాయో ఆ సమాజపు విస్తరి కూడా అంతగా చెబుతుంది. ఎవరు ఏమి తిన్నారు, ఎక్కడ తిన్నారు, ఎవరి పక్కన కూర్చుని తిన్నారు అనే మూడు ప్రశ్నలకు సమాధానాలు వెదికితే వ్యవసాయం, వాణిజ్యం, కులవ్యవస్థ ఒకేచోట కనిపిస్తాయి.

వేర్వేరు వంటసంప్రదాయాలను ఉద్దేశపూర్వకంగా కలిపే పద్ధతికి ‘ఫ్యూజన్’ అనే పేరు అమెరికాలో 1980ల దశకంలో ప్రచారంలోకి వచ్చింది. వుల్ఫ్‌గ్యాంగ్ పక్ 1983లో శాంటా మోనికాలో ఆరంభించిన భోజనశాల ఫ్రెంచి, చైనా పద్ధతులను కలిపి ఈ ధోరణికి పేరు తెచ్చింది. ఇప్పుడు అదే ధోరణి ఉలవచారు బిర్యానీగా, పిజ్జా దోశగా, తందూరి మోమోగా తెలుగు ఊళ్ళకు చేరింది. వీటిని తొలిసారి రుచి చూసే యువతరం వాటిని పూర్తిగా కొత్తవిగా భావిస్తుంది. పెద్దతరం వాటిని సంప్రదాయానికి చెరుపుగా భావిస్తుంది. కలయికకు ముందు కల్తీలేని ‘మన వంట’ ఒకటి ఉండేదని ఈ రెండు అభిప్రాయాలూ నమ్ముతున్నాయి. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడానికి పల్నాడు తగిన క్షేత్రం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన ఈ సీమకు భోజనం గురించిన సాహిత్యసాక్ష్యం మిక్కుటంగా ఉంది.

2. నాలుక చెప్పిన సాక్ష్యం: శ్రీనాథుని చాటువులు

కొండవీటి రెడ్డిరాజుల ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుని పేరిట ప్రచారంలో ఉన్న చాటువులలో పల్నాటి భోజనం ప్రస్తావన పలుమార్లు వస్తుంది. నాపరాళ్ళు, నాగులేటి నీళ్ళు, సజ్జ జొన్న కూళ్ళు ఈ సీమకు గుర్తులుగా ఆ పద్యాలలో నిలిచాయి. రసికుడైనవాడు ఈ నాట జొన్నకూడుతో సరిపెట్టుకోవలసి వచ్చిందన్నది వాటి ధోరణి. వరి అన్నానికి అలవాటుపడిన ఆస్థానకవి మెట్టసీమ ఆహారాన్ని చూసిన చూపు అది. అందులో హాస్యం ఉంది, దానితోపాటు చిన్నచూపూ ఉంది.

కన్నడ రాజధానిలో పడిన పాట్లను చెప్పుకొన్నదిగా ప్రసిద్ధమైన మరొక చాటువులో, అక్కడి వేషం వేసుకోవలసి రావడంతోపాటు వెల్లుల్లితో నువ్వులపిండి తినవలసి రావడం, అంబలి తాగవలసి రావడం ఆయన ఫిర్యాదులలో చేరాయి. తెలియని వంటను తొలిసారి రుచి చూసిన తెలుగువాని మాటగా దీనిని చదవవచ్చు. కొత్త రుచి ఇక్కడ వినోదం కాదు. రాజాశ్రయం కోసం చెల్లించవలసిన మూల్యం.

ఈ చాటువులు శ్రీనాథునివేనా అన్న చర్చ ఎలా ఉన్నా, ఆహారం ప్రాంతీయగౌరవానికి కొలమానంగా ఉండేదని అవి నిరూపిస్తున్నాయి. ఇక్కడ గమనించవలసిన విశేషం మరొకటి ఉంది. పల్నాటికి ముద్రగా నిలిచిన జొన్న కూడా ఈ నేలలో పుట్టిన ధాన్యం కాదు. దాని జన్మస్థానం ఆఫ్రికా ఖండం. అనేక శతాబ్దాల పూర్వమే భారతదేశానికి వచ్చి దక్కను మెట్టనేలల్లో స్థిరపడింది. దక్షిణ భారతంలోని నవీనశిలాయుగ స్థలాలలో దొరికిన గింజలనుబట్టి ఉలవలు, పెసలు అతి ప్రాచీనమైన స్థానిక పంటలని పురావృక్షశాస్త్రం చెబుతున్నది. అంటే శ్రీనాథుని నాటికే పల్నాటి విస్తరిలో రెండు ఖండాలు కలిశాయి. కాలం గడిచినకొద్దీ ఆ కలయిక ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

3. వెలకు దొరికిన భోజనం: పూటకూళ్ళ ఇల్లు

ఇంటి బయట డబ్బిచ్చి తినే పద్ధతికి తెలుగులో ప్రసిద్ధమైన సాహిత్యాధారం ‘క్రీడాభిరామము’. దీని కర్తగా పేరున్న వినుకొండ వల్లభరాయని ఇంటిపేరులోని వినుకొండ నేటి పల్నాడు జిల్లాలోనిదే. ఈ కావ్యం శ్రీనాథునిదన్న వాదమూ ఉంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీథులలో తిరుగుతూ చూసిన వాటిలో లక్ష్మణవజ్ఝల పూటకూళ్ళ ఇల్లు ఒకటి. ఒక్క రూకకు అక్కడ మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు దొరికేవని ఆ పద్యం తెలుపుతున్నది.

ఈ పట్టికనుంచి రెండు విషయాలు గ్రహించవచ్చు. వరి, పెసరలతోపాటు గోధుమ, పంచదార కూడా చేరడం వల్ల, రాజధానిలోని భోజనం ఒక ఊరి పంటకు పరిమితం కాలేదని తెలుస్తుంది. పూటకూళ్ళ ఇల్లు ఎవరి పేరుతో నడుస్తున్నదో చెప్పడం రెండవది. వండేవారి కులం తెలియడం ఆనాటి బాటసారికి రుచికంటె ముందు కావలసిన సమాచారం. పూటకూళ్ళ వ్యవస్థ వంటను అమ్మకానికి పెట్టింది గాని పంక్తిని అందరికీ తెరవలేదు.

ఈ పద్ధతి చాలా కాలం కొనసాగింది. 1830–31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య ప్రతి మజిలీలో ఏ వస్తువులు దొరుకుతాయో, ఎవరి ఇళ్ళు ఉన్నాయో శ్రద్ధగా రాసుకున్నారు. దారిలో వండినది కొనుక్కోవడంకంటె సరుకులు తెచ్చుకుని తమవారిచేత వండించుకోవడమే ఆచారపరుల పద్ధతి. 1897లో అచ్చయిన గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మ ఒక ముఖ్యపాత్ర కావడం ఆ వృత్తి అప్పటికీ సజీవంగా ఉన్నదనడానికి నిదర్శనం.

4. బెల్లంకొండ: కోట, గని, కొత్త పంటలు

రెడ్డిరాజుల నాటి గిరిదుర్గాలలో బెల్లంకొండ ఒకటి. శ్రీకృష్ణదేవరాయలు తూర్పు దండయాత్రలో అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం దుర్గాలను పట్టుకొని 1515లో కొండవీటిని గెలిచినట్లు శాసనాలు తెలుపుతున్నాయి. ఆ రాజే రచించిన ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి పెట్టిన భోజనాల వర్ణన ఉంది. వానకాలానికి వరుగులు, వేసవికి చలువచేసే పానీయాలు, చలికాలానికి మిరియాల పొడి వేసిన వేడి కూరలు, ఆవపచ్చళ్ళు అందులో కనిపిస్తాయి. బెల్లంకొండను జయించిన రాజు ఎరిగిన కారం మిరియానిది, ఆవాలది. నేడు ‘ఆంధ్రుల కారం’ అనగానే గుర్తుకు వచ్చే ఎండుమిరపకాయ ఆ విస్తరిలో లేదు.

మిరప అమెరికా ఖండానికి చెందిన మొక్క. కొలంబస్ యాత్రల తరువాత ఐరోపాకు, పోర్చుగీసు ఓడలద్వారా భారత పశ్చిమతీరానికి చేరింది. పోర్చుగీసువారు గోవాను ఆక్రమించినది 1510లో. 16వ శతాబ్ది ముగిసేలోగా కొండవీటి సీమ గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలోకి వచ్చింది. పర్షియా, దక్కను వంటల ప్రభావం తెలుగు నేలపై విస్తరించిన కాలమూ అదే. పలావు, హల్వా, జిలేబి వంటి మాటలు తెలుగులో ఇమిడిపోవడంలో ముస్లిం పాలనాకాలపు సాంస్కృతిక సంపర్కానికి ప్రధానపాత్ర ఉంది.

ఈ సంపర్కం రాజధానికే పరిమితం కాలేదు. నేటి బెల్లంకొండ మండలానికి చెందిన కృష్ణాతీర గ్రామం కొల్లూరు 17వ శతాబ్దిలో ప్రపంచప్రసిద్ధమైన వజ్రాలగని. మచిలీపట్నంనుంచి వచ్చి చూసిన ఆంగ్లేయుడు విలియం మెథ్‌వోల్డ్ అక్కడ ముప్పైవేలమంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ శతాబ్ది మధ్యకాలంలో వచ్చిన ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియే స్త్రీలు, పిల్లలతో కలిపి అరవైవేలమంది అన్నాడు. ఈ అంకెలు అంచనాలే అయినా, పంట పండించే తీరిక లేని వేలాది జనం ఒక్కచోట చేరారన్నది స్పష్టం. వారి ఆహారం చుట్టుపక్కలనుంచి, దూరప్రాంతాలనుంచి రావలసిందే. కూలీలు, వర్తకులు, పాలకుల అధికారులు, విదేశీయులు ఒకే సంతకు చేరిన చోటు కొల్లూరు. పులిచింతల జలాశయం నీటిలో మునిగిన ఆ నేల, బెల్లంకొండ సీమ ఏనాడూ లోకానికి దూరంగా లేదని చెప్పే బలమైన ఆధారం.

ఈ మూడు నాలుగు శతాబ్దాలలో తెలుగువారు తెచ్చుకున్న పంటలకు పెట్టుకున్న పేర్లు ప్రత్యేక పరిశీలనకు అర్హమైనవి. కొత్త కారపుకాయకు మిరియానికి దగ్గరి మాటతో ‘మిరప’ అనే పేరు నిలిచింది. నేలలో కాసే కొత్త గింజ ‘వేరుశనగ’ అయింది. పొత్తులు వేసే కొత్త ధాన్యం ‘మొక్కజొన్న’ అయింది. కొత్త పండుగింజ ‘జీడిమామిడి’ అయింది. దుంపకు అది వచ్చిన దిక్కును చూపుతూ ‘బంగాళాదుంప’ అన్నారు. కొన్నింటికి పరాయి దేశాన్ని సూచించే ‘సీమ’ శబ్దం చేర్చి ‘సీమచింత’ వంటి మాటలు కట్టుకున్నారు. ‘అనాస’ వంటి కొన్ని మాటలు మాత్రమే విదేశీ రూపానికి దగ్గరగా మిగిలాయి. తెలిసిన దాని పక్కన తెలియని దానిని నిలిపి పేరు పెట్టడం ఇందులోని సూత్రం. పేరు తెలుగైన నాటినుంచి పదార్థమూ తెలుగుదే అయింది. శ్రాద్ధం వంటి ఆచారాలలో కొన్ని కొత్త కూరగాయలను చాలా కాలం నిషిద్ధంగా పాటించడం తప్ప, ఈ కలయికకు పెద్ద ప్రతిఘటన ఎదురైనట్లు కనబడదు. గుంటూరు, పల్నాడు జిల్లాల మిరప నేడు దేశదేశాలకు ఎగుమతి అవుతున్నది. ‘గుంటూరు సన్నం’ భౌగోళిక గుర్తింపు పొందింది. పరాయి కాయ ప్రాంతానికి చిరునామాగా మారింది.

5. చాపకూడు: మరో కలయిక కథ

పదార్థం ఇంత సులభంగా కలిసిన నేలమీదనే మనుషుల కలయిక యుద్ధకథలో భాగమైంది. 12వ శతాబ్దినాటి పల్నాటి యుద్ధానికి సంబంధించిన వీరగాథల్లో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒకే చాపపై కూర్చోబెట్టి భోజనం పెట్టిన ‘చాపకూడు’ ప్రసిద్ధం. మాల కులానికి చెందిన కన్నమదాసు ఆయనకు సేనాని. మాచర్ల, గురజాల రాజ్యాల వైరానికి దాయాదిపోరు, కోడిపందెం వంటి కారణాలు కథలో ఉన్నా, బ్రహ్మనాయుని సంస్కరణలు, వాటిపట్ల వ్యతిరేకత ఆ కథకు అంతస్సూత్రమని పలువురు పరిశోధకులు వివరించారు. శ్రీనాథుని రచనగా ప్రసిద్ధమైన ద్విపద ‘పల్నాటి వీరచరిత్ర’ను అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి ప్రకటించిన తరువాత ఈ కథపై విద్వత్లోకంలో చర్చ విస్తరించింది. కారెంపూడిలో కార్తికమాసంలో జరిగే వీరారాధనోత్సవాలలో చాపకూడు నేటికీ ఒక ఘట్టం.

చాపకూడులో ఏమి వండారన్నది కథకు ముఖ్యం కాలేదు. జనం గుర్తుంచుకున్నది చాపను. వంటకం పేరు లేకుండా, కూర్చున్న తీరు పేరుతో ఒక భోజనం ఎనిమిది శతాబ్దాలు నిలిచిందంటే, ఆ కూర్చోవడం ఎంత అపూర్వమో ఊహించవచ్చు. జరిగిన పనిగా కంటె, జరగవలసిన పనిగా అది జనస్మృతిలో నిలిచిందని చెప్పడం సమంజసం.

ఆధునికకాలంలోనూ సంస్కరణకు గీటురాయి పంక్తే అయింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఆ విందులో భోజనం చేసినవారు వెలికి, ప్రాయశ్చిత్తపు ఒత్తిడికి గురయ్యారు. సిద్ధాంతాన్ని సమర్థించినవారిలో కూడా విస్తరి ముందు కూర్చోవడానికి వెనుకాడినవారున్నారు. తరువాతి తరంలో గోరా కృష్ణాజిల్లా ముదునూరు కేంద్రంగా సహపంక్తి భోజనాలను ఒక ఉద్యమంగా నడిపారు. అభిప్రాయం మార్చుకోవడంకంటె పక్కన కూర్చుని తినడం కష్టమని ఈ సంఘటనలు తెలుపుతున్నాయి.

6. హోటలు: చట్టం తెరిచిన తలుపు

రైలు, బస్సు ప్రయాణాలు పెరిగినకొద్దీ పూటకూళ్ళ ఇంటి స్థానంలోకి హోటలు వచ్చింది. కాఫీ, ఇడ్లీ, ఉప్మాలను పల్లెవారికి అలవాటు చేసింది ఎక్కువగా హోటలే. అయితే ‘బ్రాహ్మణ భోజన హోటలు’ అన్న పలక పూటకూళ్ళ నాటి షరతును కొత్త గోడమీదకు తెచ్చింది. 1953 దాకా గుంటూరు జిల్లా భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో ఈ పలకలు సర్వసాధారణం. 1957లో మద్రాసు తిరువళ్ళిక్కేణిలోని మురళీ కేఫ్ పేరుపలకలో ‘బ్రాహ్మణ’ పదం తొలగించాలని పెరియార్ ఆందోళన నడిపారు.

భారత రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ళలో ప్రవేశానికి కులం, మతం అడ్డు కారాదని ప్రకటించింది. 17వ అధికరణం అస్పృశ్యతను రద్దుచేసింది. 1955నాటి అస్పృశ్యతా నేరాల చట్టం మరింత సూక్ష్మంగా వెళ్ళి, హోటలులో అందరికోసం ఉంచిన పాత్రలను వాడుకోనివ్వకపోవడాన్ని కూడా నేరంగా పేర్కొన్నది. గ్లాసు, పళ్ళెం గురించి చట్టసభ మాట్లాడవలసి వచ్చిందంటే వివక్ష ఎక్కడ ఉన్నదో చట్టకర్తలకు తెలుసు. తలుపు తెరుచుకున్న తరువాత కూడా ఊళ్ళలోని టీ దుకాణాలలో ‘రెండు గ్లాసుల పద్ధతి’ దశాబ్దాలపాటు కొనసాగడం, ఆ గ్లాసు విరగడానికి దళిత ఉద్యమాలు పోరాడవలసి రావడం ఇటీవలి చరిత్రే.

7. నేటి మిశ్రవంటకం: ఒక వర్గీకరణ

ఈ నేపథ్యంలో నేటి మిశ్రవంటకాలను మూడు విధాలుగా వర్గీకరించవచ్చు.

7.1 ఆధారం స్థానికం, పైపూత పరాయిది: పిజ్జా దోశ, చీజ్ దోశ వంటివి. ఇక్కడ దోశపిండి మారదు. జున్ను, కూరగాయముక్కలు, సాస్ దానిపైకి చేరతాయి.

7.2 ఆధారం పరాయిది, కారం స్థానికం: నూడుల్స్, మంచూరియా ఈ వర్గంలోనివి. కలకత్తాలో స్థిరపడిన చైనీయుల వంట భారతీయరుచికి అనుగుణంగా మారింది. 1970లలో బొంబాయిలో రూపొందినదిగా చెప్పే మంచూరియా దేశమంతా వ్యాపించి, నేడు సాయంత్రపు బండిమీద పచ్చిమిర్చి, కరివేపాకులతో వేగుతున్నది. దీనిని ‘మన రుచికి మార్చారు’ అంటాం. అలా మార్చింది మిరప. ఒకనాటి పరాయి కాయ, నేటి పరాయి వంటను ‘మనది’ చేసే అధికారం పొందింది. మిశ్రవంటకపు చరిత్రలో దీనికి మించిన నిదర్శనం లేదు.

7.3 రెండూ ఇరుగుపొరుగువే: ఉలవచారు బిర్యానీ, గోంగూర బిర్యానీ వంటివి. నవీనశిలాయుగపు ఉలవ, దక్కను పాలకుల వంటశాలలో ప్రతిష్ఠ పొందిన బిర్యానీ ఒకే పాత్రలో చేరాయి. ఒకప్పుడు ఎడ్ల దాణాగా, పేదల చారుగా ఉన్న ఉలవ దీనివల్ల కొత్త హోదా పొందింది.

జొన్న కథ కూడా ఇటువంటిదే. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నీరు 1967లో కాలువలకు వచ్చిన తరువాత పల్నాటి మెట్టలో కొంత మాగాణి అయింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం పథకం ఆరంభమయ్యాక వరి అన్నం పేదల ఇళ్ళలోనూ నిత్యాహారమైంది. జొన్నసంకటి వెనుకబడింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన నాటికి, అదే జొన్న ఆరోగ్యాహారంగా పట్టణ భోజనశాలల్లో అధికధర పలుకుతున్నది. శ్రీనాథుని చాటువులు ఎత్తిపొడిచిన కూడు నేడు సంపన్నుల ఎంపిక. ధాన్యం మారలేదు. దానిని తినేవారి హోదాతోపాటు దాని గౌరవం మారింది.

పేర్ల విషయంలో మాత్రం నేటి ధోరణి పూర్వపు సూత్రానికి భిన్నం. ‘వేరుశనగ’, ‘జీడిమామిడి’ అన్న సమాజం నేడు ‘తందూరి మోమో’ అని రెండు పరాయి మాటలనే జతచేస్తున్నది. పూర్వం పేరు పెట్టినవారు పరాయితనాన్ని తగ్గించదలిచారు. నేటి భోజనశాల పరాయితనాన్నే అమ్ముతుంది గనుక దానిని దాచదు.

ఇక పంక్తి విషయం. కొత్త భోజనశాలలో పక్క బల్ల దగ్గర కూర్చున్నవారి కులం ఎవరూ అడగరు. బ్రహ్మనాయుని చాప చేయదలిచిన పనిలో కొంత ఈ బల్ల చేస్తున్నది. కాని తేడా గమనించాలి. చాపమీద కూర్చున్నవారు ఒకరినొకరు ఎరిగినవారు, ఎరిగి కూర్చున్నవారు. బల్లల దగ్గర ఉన్నవారు అపరిచితులు. ఎరగకపోవడమే ఇక్కడ సమానత్వానికి ఆధారం. పైగా పూర్వం కులం వేసిన ప్రశ్నను ఇప్పుడు ధరలపట్టిక వేస్తున్నది. మిరపకాయలు కోసే కూలీకి ఆ బల్ల ఎంత దూరమో అంచనా వేయడానికి ప్రత్యేక గణాంకాలు అక్కరలేదు.

8. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు:

1. మిశ్రవంటకం తెలుగునేలకు కొత్త కాదు. జొన్న, గోధుమ, మిరప, వేరుశనగ, పలావు ఒక్కొక్క కాలపు కలయికకు గుర్తులు. ‘అసలైన పల్నాటి వంట’ అన్నది మరుపుకు వచ్చిన కలయికలకు మరో పేరు.

2. పరాయి పదార్థాన్ని తెలుగుసమాజం పేరుపెట్టి స్వీకరించింది. బెల్లంకొండ కోట, కొల్లూరు గని ఉన్న సీమ ఈ ప్రక్రియకు దూరంగా లేదు.

3. పదార్థానికి చూపిన ఈ ఔదార్యం పంక్తిలో మనిషికి దక్కలేదు. చాపకూడు, సహపంక్తి భోజనాలు, 1955 చట్టం ఆ లోటును పూరించడానికి జరిగిన ప్రయత్నాలు.

4. నేటి భోజనశాల కులంపరమైన అడ్డును చాలావరకు తొలగించినా, ఆర్థికమైన అడ్డును నిలిపింది. అందువల్ల మిశ్రవంటకంపై జరిగే పరిశోధన దినుసుల జాబితాతో ఆగకుండా, వండేవారిని, వడ్డించేవారిని, తినగలిగేవారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పరాయి కాయను ఇంటిపంటగా చేసుకోవడానికి పల్నాటికి కొన్ని తరాలు సరిపోయాయి. ఒకే చాపమీద నిండుమనసుతో కూర్చోవడానికి ఎనిమిది శతాబ్దాలు చాలలేదు. ఈ సీమ ఆహారచరిత్రను రాయబోయేవారు ఈ రెండు కాలపరిమాణాలను పక్కపక్కన ఉంచి చూడవలసి ఉంది.